చివరి ట్యాబ్‌లోని గొంతు

చిన్న కూతురు ఈనాస్ ట్రామ్ ఎక్కేదాకా ఇనాయత్ ఆ పని మొదలుపెట్టదు. పిల్ల మెట్లు దిగిన చప్పుడు ఆగాక తలుపుకు గడియ వేస్తుంది. రెండు గ్లాసుల్లో టీ పోస్తుంది. పెద్ద కూతురు రావియా వాడిన ల్యాప్‌టాప్ ముందు తాను కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటుంది. తెర పైన ట్యాబ్‌లు చీమల బారులా ఉంటాయి. ఆవిడకు చదువు రాదు. అవేమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అన్నిటికంటే చివర, ఎర్ర మైకు బొమ్మ ఉన్నది ఒక్కటి చాలు. దాన్ని నొక్కుతుంది. లోపలున్న మూడు మూలల గుర్తును కూడా నొక్కుతుంది.

రావియా మాట్లాడుతుంది.

రావియా పోయి చలికాలం గడిచిపోయింది. కైరోలో కథలు చదివే ఉద్యోగానికి గొంతు పరీక్ష ఉందని బయల్దేరింది. దారిలో మైక్రోబస్సు బోల్తా పడింది. అందరూ డ్రైవరును తిట్టారు. గుంతలు పడ్డ రోడ్డును మాత్రం ఎవరూ తిట్టలేదు. రోడ్డు వేసినవాళ్ళకు చుట్టాలు ఎక్కువ కదా.

బయల్దేరే ముందురోజు ఆ మైకు పేజీలోనే గొంతు రికార్డు చేసుకుంటూ సాధన చేసింది. ఒక నత్త ఇల్లు మోసుకుంటూ సముద్రానికి వెళ్ళే కథ. నత్త సగం దారిలో ఉండగా వంటింట్లోంచి ఇనాయత్ గొంతు అడ్డం పడుతుంది. "రావియా, టీ చల్లారిపోతోందే!" రావియా పకపకా నవ్వుతుంది. "అమ్మా, నీ టీ సంగతి ఊరంతటికీ చాటావు! వస్తున్నా, వస్తున్నా." అంతటితో అయిపోతుంది.

రోజూ ఆ చోటుకు రాగానే ఇనాయత్ కూడా తన మాట తానే అంటుంది. "రావియా, టీ చల్లారిపోతోందే." వస్తున్నా, వస్తున్నా అని జవాబు వస్తుంది. ఒక గ్లాసు తాగి, రెండోది సబ్జా మొక్క కుండీలో పోసి లేస్తుంది. అప్పుడు గాని ఆవిడకు తెల్లవారినట్టు ఉండదు.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో తెలుసు. రావియా పోయిన నలభయ్యో రోజున పక్కింటి ఒమ్ షరీఫ్ వచ్చి, పెట్టిన కాఫీ తాగి, నీతి చెప్పి పోయింది. "వదినా, పోయినవాళ్ళ గొంతు వినకూడదు. నువ్విక్కడ ఏడిస్తే సమాధిలో పిల్లకు సెగ తగులుతుంది. ఫోన్లో ఉన్నవన్నీ తీసేయించు." సమాధి లోపలినుంచి ఈ కబురు మోసుకొచ్చింది ఎవరు? ఒక్కరూ అడగరు. గదినిండా ఉన్న ఆడవాళ్ళంతా తలలూపారు. ఈనాస్ కూడా ఊపింది, తల్లి అన్నం మానేసి ఫోను చెవికి పెట్టుకుని కూర్చుంటోందన్న భయంతో. ఈనాసే ఒక్కొక్కటీ చెరిపేసింది. ఇనాయత్ నోరు మూసుకుంది. ల్యాప్‌టాప్‌లో ఇదొకటి మిగిలిందని తరవాత తెలిసినప్పుడు కూడా మూసుకునే ఉంది. పిల్లకు సెగ తగిలితే, ఆ పాపం తనది.

అందుకే ఆ ఇంట్లో ల్యాప్‌టాప్ ఆపకుండా నడుస్తూనే ఉండేది. పక్కిళ్ళలో ఖురాన్ రేడియో ఆపకుండా ఎలా వదిలేస్తారో అలాగే.

కానీ ఈనాస్‌కు ఆ ల్యాప్‌టాప్ కావాలి. బట్టల కొట్టు యజమాని ఆడపిల్లలకు స్టూలు వేయడు. గిరాకీ లేకపోయినా నిలబడే ఉండాలి. సాయంత్రానికి చెప్పులు పాదాల్లో దిగబడిపోతాయి. ఇంట్లో కూర్చుని ఫోన్లు మాట్లాడే ఉద్యోగం ఒకటి దొరికేలా ఉంది. కెమెరా ముందు పరీక్ష. మొదటిసారి ఆమె జవాబు చెప్తుండగానే మెషీను బిగుసుకుపోయింది. తెర మీద ఆమె నోరు చేపలా తెరుచుకుని అలాగే ఉండిపోయింది. బతిమాలితే ఇంకొక్క అవకాశం ఇచ్చారు.

"నీ పెద్ద కూతురు సంత మొత్తం తెరిచిపెట్టి పోయిందమ్మా," అంది ఈనాస్ శుక్రవారం పొద్దున. "మెమరీ అంతా ఈ ట్యాబ్‌లే తింటున్నాయి. నాకేం మిగిలింది, ఎముకలు!"

"ఒక్కటి మూసినా నా శవాన్ని చూస్తావు."

"అబ్బ, శవాల మాటలు తప్ప ఈ ఇంట్లో వేరే మాటే లేదా?" అనేసి ఈనాస్ వెంటనే నాలుక కరుచుకుంది. "మూయనమ్మా. ఒట్టు."

ఇనాయత్ వంటింట్లోకి వెళ్ళి ఉడికిన ఫూల్ చిక్కుడు గింజలు మెదుపుతూ చెవి ఇటే పడేసింది. ఏ ట్యాబ్ ఎంత తింటోందో ఈనాస్ వెతుకుతోంది. "ఈ మైకుది చూడు, ఎద్దులా తింటోంది! పేజీలో ఏముందని?" ఇనాయత్ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తున్నావే?"

"నిద్రపుచ్చుతున్నా. చూడు, పేర్లన్నీ పైన అలాగే ఉన్నాయి. లోపల బరువు దింపుతుంది, అంతే. ముట్టుకుంటే లేస్తాయి."

ఇనాయత్ వంగి చూసింది. చివర ఎర్ర మైకు ఉంది. నిద్ర మంచిదే అనుకుంది. పాపం, అదీ అలిసిపోయి ఉంటుంది. చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది. చెప్తే ఈనాస్ ఫోను చెరిపినట్టే దీన్నీ చెరిపేస్తే? మింగేసింది.

పరీక్ష గాలిలా సాగింది. తలుపు వెనక నిలబడి ఇనాయత్ విన్నది. ఈనాస్ గొంతు ఒక్కచోట కూడా తెగలేదు. ఆవిడ తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని సంతోషపడింది.

మర్నాడు ఈనాస్ వెళ్ళాక గడియ వేసింది. రెండు టీలు పోసింది. ఎర్ర మైకు నొక్కింది. చిన్న చక్రం తిరిగి పేజీ తెరుచుకుంది, ఎప్పుడూ లేనంత చురుగ్గా. మూడు మూలల గుర్తు లేదు. ఉన్నది ఒక పెద్ద ఎర్ర గుండ్రం, దాని కింద ఖాళీ. ఇయర్‌ఫోన్లు పీకి మళ్ళీ పెట్టుకుంది. తుడిచింది. ఊదింది. పక్క ట్యాబ్‌కు వెళ్ళి తిరిగొచ్చింది. ఖాళీయే.

నిద్రమత్తులో ఉందేమో అనుకుంది. నత్త సగం దారికి చేరేంతసేపు కూర్చుని, తన మాట తాను అంది. "రావియా, టీ చల్లారిపోతోందే."

తలుపు దబదబ మోగింది. గడియ తీస్తే ఈనాస్. ట్రామ్ దగ్గరే కబురొచ్చి వెనక్కి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా! వచ్చేసింది! తీసుకున్నారు! ఇక ఆ కొట్టు ముఖం చూడను!" అని తల్లిని వాటేసుకుంది. మెడలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్లు తగిలి ఆగింది. "ఇవేంటి?"

"అది లేచింది గానీ మాట్లాడట్లేదే," అంది ఇనాయత్. "నువ్వు నొక్కితే మాట్లాడుతుందేమో చూడు."

"ఎవరు?"

ఇనాయత్ చెప్పింది. నత్త, టీ, వస్తున్నా వస్తున్నా. ఈనాస్ చెప్పుల కాళ్ళతోనే కూలబడి వెతికింది. పాత పేజీల జాబితా, మూసిన కిటికీలు, దాచుకున్న ఫైళ్ళు. నిన్న తెరిచి ఉన్నవన్నీ వెనక్కి తెచ్చింది. ట్యాబ్‌లన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. మైకు పేజీ కూడా వచ్చింది. ఖాళీగా.

"అది ఎక్కడా దాచలేదమ్మా. తెరిచిన ఆ పేజీ బతికున్నంతసేపే ఉంది. నేను నిద్రపుచ్చేసరికి పోయింది." తల్లి వైపు తిరిగింది. "చెప్పొచ్చుగా! ఒక్క మాట చెప్తే వేరేచోట దాచి ఇద్దునుగా!"

"ఫోన్లోవి చెరిపినట్టు చెరుపుతావని."

ఈనాస్ నేల మీదే కూర్చుని తల్లి మోకాళ్ళు పట్టుకుని ఏడ్చింది.

"ఊరుకో. ఉద్యోగం వచ్చిందిగా," అంది ఇనాయత్. చెయ్యి మాత్రం పిల్ల తల మీదికి రాలేదు. రావాలని ఆవిడ అనుకుంది. రాలేదు.

కొత్త పని మొదలయ్యాక ఈనాస్ ఇంట్లోనే ఉంటోంది. ఇనాయత్ గడియ వేయడం మానేసింది. పిల్ల కుర్చీలో కూర్చోకముందే రెండు టీలతో వస్తుంది. మైకు పేజీ తెరిచి నత్త నడిచినంతసేపూ ఊరికే చూస్తుంది.

"రావియా, టీ చల్లారిపోతోందే."

ఏం జవాబు రావాలో ఈనాస్‌కు ఇప్పుడు మాట మాటా తెలుసు. గొంతు కూడా అక్క గొంతులాగే ఉంటుందని అందరూ అంటారు. ఒకరోజు ఆ జవాబు తానే చెప్పబోయి నోరు తెరిచింది కూడా. తల్లి వేలెత్తి, ఆగమన్నట్టు చూపింది. తెర వంక చెవి పెట్టే ఉంది.