కూర్మయ్య నెత్తిన వెలిగిన బల్బు

నేను ఒక పాతకాలపు వంద వాట్ల బల్బును. గుండ్రటి గాజు బుర్ర, లోపల వెంట్రుక కన్నా సన్నని తీగ, కింద ఓ లోహపు టోపీ, అంతే నా ఆస్తి. నన్ను చూడగానే ఈ కాలం మనుషులు అనే మొదటి మాట "అబ్బో, కరెంటు తినేస్తుంది" అని. తింటాను. తినకుండా పని చేసేవాళ్ళెవరో నాకు చూపించండి. తిన్నదాంట్లో వెలుగు చేసేది కొంచెమేనని, మిగతాదంతా వేడిగా పారబోస్తానని ఇంకో నింద. అదీ నిజమే. కానీ నన్ను తిట్టినవాళ్ళంతా ఆ వేడి అక్కర్లేనివాళ్ళు. అక్కర ఉన్నవాళ్ళ సంగతి మీకు చెప్పాలి.

పుట్టడం ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టాను. ఎర్రగా కాలుతున్న గాజును ఊది బుర్ర చేశారు, తీగ పెట్టారు, లోపలి గాలి పీల్చేసి మూతి బిగించారు. ఒక్కసారి వెలిగించి చూసి, బాగానే ఉందని అట్టపెట్టెలో పడేశారు. నా గొప్పతనం గురించి ఎవరూ ఒక్క మాటైనా అనకపోవడం అప్పుడే మనసుకు కష్టమనిపించింది.

నన్ను మొదట కొన్నది అనపర్తి దగ్గర కోళ్ళఫారం నడిపే సత్తిరెడ్డి గారు. కోడిపిల్లల షెడ్డులో రేకు గొడుగు కింద నన్ను వేలాడదీశారు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పసుపుపచ్చటి పిల్లలు నా కింద ముద్దగా చేరి కిచకిచలాడేవి. చలేస్తే దగ్గరికి జరిగేవి, ఉక్కపోస్తే గోడవారకు పోయేవి. వాటిని చూసి సత్తిరెడ్డి గారు గొడుగు దించేవారు, ఎత్తేవారు. ఆ పిల్లలు పెద్దయ్యాక ఎక్కడికి వెళ్ళాయో నాకు తెలియదు. తెలిసినా తలుచుకోను. ఒక్క జట్టును పెంచానో లేదో, షెడ్డులోకి గ్యాసు పొయ్యిలు వచ్చేశాయి. నన్నూ, నా తోటి బల్బులనూ బుట్టలో వేసి అటక ఎక్కించారు.

అక్కడే ఉండిపోయేవాణ్ణి, హిమజ లేకపోతే. ఆ అమ్మాయి సత్తిరెడ్డి గారికి ఖాతా ఉన్న బ్యాంకులో పని చేస్తుంది. నన్ను అటక మీంచి దించుతూ ఆయన భార్యకు చెబుతుంటే విన్నాను.

"బ్యాంకులో ఆ కొత్త పెళ్ళికూతురు లేదూ, ఆవిడ తాబేలుపిల్లను పెంచుతుందంట. ఏ షాపుకెళ్ళినా, అస్సలు వేడెక్కదమ్మా అని ఎల్‌ఈడీ చేతిలో పెడుతున్నారంట. వేడెక్కేదే కావాలండి అంటే నవ్వుతున్నారంట."

"తాబేలుకి చలేంటండీ, విడ్డూరం కాకపోతే!"

"దాని ఒంట్లో సొంత వేడుండదంట. బయటి నించి తగిలితేనే తిన్నది అరుగుద్దంట. మన కోడిపిల్లల కేసే."

అలా ఇంకో బల్బుతో కలిసి, పాత కాగితంలో చుట్టుకుని, రాజమండ్రిలో ఒక అపార్ట్‌మెంటు చేరాను.

ఇంట్లో ఉన్నది ముగ్గురు మనుషులు. హిమజ, ఆమె భర్త వరద, అత్తగారు మంగతాయారు గారు. నాలుగో ప్రాణి తాబేలుపిల్ల. హిమజ స్నేహితులు పెళ్ళికి కానుకగా ఇచ్చారట, ప్లాస్టిక్ గిన్నెలో, ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు కింద. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దది. ఆకుపచ్చటి డొప్ప, చెంపల మీద చెరో ఎర్రటి చార. హిమజ దానికి బొత్తాం అని పేరు పెట్టింది. నేను వచ్చేసరికి ఆ గిన్నె పోయి, నీళ్ళు చల్లబడకుండా చూసే చిన్న హీటరుతో గాజు తొట్టె వచ్చింది. తొట్టెలో ఒక మూల ఇటుకల మీద నాపరాయి పలక పరిచి, నీటికి పైన పొడిగా ఒక అరుగు కట్టింది హిమజ. ఆ అరుగుకు నేరుగా పైన టేబుల్ లాంపులో నన్ను బిగించింది. నేను జారి పడ్డా నీళ్ళలో పడకుండా మధ్యలో ఇనుప జల్లెడ పెట్టింది. అరుగు మీద ముంజేయి ఆనించి చూసుకుంది. వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. తొట్టెకు రెండో చివర నీడ వదిలింది, ఉక్కపోస్తే పారిపోవడానికి.

బొత్తాం నీళ్ళలోంచి మెడ సాచి నన్ను చూసింది. కాసేపటికి అరుగెక్కింది. ఇంకాసేపటికి వెనక కాళ్ళు రెండూ వెనక్కి చాపి, వేళ్ళు విప్పి, కళ్ళు మూసుకుంది. ఎండలో మంచం వేసుకున్న పెద్దమనిషిలా ఉంది వాలకం. నాకు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

మంగతాయారు గారు మొదట మూతి విరిచారు. "ఇంట్లోకి తాబేలేంటే అమ్మాయ్?" అన్నారు. కానీ వైష్ణవుల ఇల్లు కదా. ఓ ఉదయం పూజ చేసుకుంటూ దశావతారాల పటం చూసి, తొట్టె వైపు చూసి, ఆవిడ ఒక్కసారిగా ఆగిపోయారు. ఆ రోజు నుంచి బొత్తాం కూర్మయ్య అయిపోయాడు. తొట్టె అద్దం మీద చిన్న తిరునామం వెలిసింది. నైవేద్యంగా దద్ధ్యోజనం పెట్టబోతే హిమజ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. నవ్వులాటగానే ఉండేది. చిక్కంతా నా దగ్గర వచ్చింది.

పొద్దుగూకాక హిమజ నన్ను ఆర్పేది. ఆవిడ మళ్ళీ వెలిగించేవారు. "స్వామి నెత్తిన దీపం, ఆర్పకూడదమ్మా" అనేవారు. హిమజ రెండు మూడు సార్లు నచ్చజెప్పింది. ఆవిడ ముఖం ఎలాగో అయిపోయేది. కొత్త కోడలు, పెద్దావిడ మనసు ఎందుకు నొప్పించడం, పోతే కాస్త కరెంటే కదా అనుకుని ఊరుకుంది. నేను రాత్రీ పగలూ అఖండంగా వెలిగాను. సంతోషంగానే వెలిగాను, నిజం చెప్పొద్దూ. అంత మర్యాద నాకు అంతకు ముందెక్కడా జరగలేదు.

కానీ నా కింద కూర్మయ్య నీరసించిపోయాడు. మొదట మేత మీద ఆశ తగ్గింది. తర్వాత కళ్ళు వాచి మూసుకుపోయాయి. అరుగెక్కడానికి ముందుకాళ్ళు ఎత్తి, ఎక్కలేక జారిపోయేవాడు. హిమజ చేతిలోకి తీసుకుంటే డొప్ప అంచు వేలి కింద మెత్తగా నొక్కుకుపోయింది. ఎండ తగలాలేమోనని తొట్టెను జరిపి, మూసిన కిటికీ పక్కన పెట్టి, నన్నూ వెంట తీసుకుపోయారు. గుణం కనిపించలేదు. హిమజ ఆఫీసు నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా తొట్టె దగ్గరికి వచ్చేది. ఓ సాయంత్రం అక్కడే నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. మంగతాయారు గారు కోడలి తల నిమురుతూ, "దీపం కొండెక్కకుండా నేను చూసుకుంటున్నానుగా, ఏం కాదులే" అన్నారు. పాపం, ఆవిడ ధైర్యమే వాడి ప్రాణం మీదికి తెస్తోంది. నాకు వేడే గానీ నోరు లేదు.

పై అంతస్తులో పశువుల డాక్టరు నస్రీన్ ఉంటుంది. మర్నాడు వరద వెళ్ళి ఆమెను పిలుచుకొచ్చాడు. కూర్మయ్యను తిప్పి చూసి, కళ్ళలో వేయడానికి మందు రాసి, ఆమె అడిగింది.

"రాత్రిళ్ళు ఈ లైటు తీసేస్తున్నారా పిన్నిగారూ?"

"అయ్యో, ఎందుకు తీస్తామమ్మా! క్షణం కూడా ఆరనివ్వలేదు" అన్నారు మంగతాయారు గారు గర్వంగా.

"అందుకేనండీ సగం జబ్బు. దీనికీ పగలూ రాత్రీ కావాలి. నిద్ర లేకపోతే ఎలా బతుకుద్ది? పగలు వెలగనివ్వండి, చీకటి పడ్డాక తీసెయ్యండి. నీళ్ళు చల్లబడకుండా హీటరుంది కదా, అది చాలు. ఇంకోటి, ఈ బల్బు వెచ్చదనమే ఇస్తుంది. డొప్ప గట్టిపడాలంటే ఎండలో ఉండే ఇంకో కిరణం పడాలి. కిటికీ అద్దం దాన్ని రానివ్వదు. దానికి వేరే యూవీబీ లైటొస్తుంది, ఇవాళే తెప్పించండి."

నాలో లేనిదొకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. కాస్త చిన్నబోయాను. సాయంత్రానికి ఆ లైటు వచ్చి నా పక్కన చేరింది. తెల్లగా, పొడుగ్గా, ముట్టుకుంటే చల్లగా. ఇద్దరు సవతుల్లా ఒకే అరుగు మీద వెలిగాం. ఆ సంగతి అలా ఉంచండి.

చీకటి పడింది. వరద స్విచ్చు వైపు చెయ్యి చాపాడు. మంగతాయారు గారు అడ్డం నిలబడిపోయారు.

"మీ మామయ్య కాకినాడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు దీపం పెట్టాను హిమా. ఆరనివ్వనని మొక్కుకున్నాను. చమురు పోద్దామని లేచేసరికి ఫ్యాను గాలికి ఆరిపోయింది. నేను అగ్గిపుల్ల గీస్తుండగానే ఫోనొచ్చింది. ఆ తర్వాత నా చేత్తో ఏ దీపమూ ఆర్పలేదమ్మా. వీడు కూడా పోతే, నేనే చంపినట్టు."

వరద చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గదుల్లో లైట్లన్నీ తనచేతే తీయిస్తుంటే అమ్మ బద్ధకమనుకున్నాడట ఇన్నాళ్ళూ. హిమజ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"నేను ముట్టుకోను అత్తయ్యా. ఆయన్నీ ముట్టుకోనివ్వను. వాడు మీ కూర్మయ్య, మీరెలా అంటే అలాగే" అని అక్కడే కూర్చుండిపోయింది. ఆ మాట అనడానికి ఆ పిల్లకు ఎంత కష్టమైందో నా వెలుగులో నేను చూశాను.

ఆవిడ తొట్టెలోకి వంగి చూశారు. కూర్మయ్య వాచిన కళ్ళతో నా వెలుగుకు ముఖం తిప్పుకోవాలని నీళ్ళలో గుండ్రంగా తిరుగుతున్నాడు. ఆవిడ మెల్లగా అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు.

"గుళ్ళో పెరుమాళ్ళకే పవళింపు సేవ చేసి తలుపులేస్తాం. స్వామికే నిద్ర కావాల్సొస్తే, ఈ పసివాడెంత."

కాళ్ళు కడుక్కుని వచ్చారు. సన్నటి గొంతుతో లాలి అందుకున్నారు, మధ్యమధ్య పాట ఆపి స్విచ్చు వైపు చూస్తూ. పాట ముగిసింది. వేలు స్విచ్చు మీద పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, నన్ను ఆర్పారు.

తెల్లారి నన్ను వెలిగించే ముందు ఆవిడ తొట్టెలోకి తొంగిచూడటానికి కూడా భయపడ్డారు. కూర్మయ్య నీళ్ళ అడుగున కదిలాడు. ఆవిడ కూలబడి నవ్వారు, ఏడ్చారు. వాడు కోలుకోవడం మాత్రం నెమ్మదిగా జరిగింది. ముందు ఒక కన్ను తెరిచాడు. కొన్నాళ్ళకు మేత గింజ నోట పట్టాడు. తర్వాతెప్పుడో, అందరూ ఎవరి పనుల్లో వాళ్ళుండగా, ఎవరి సాయమూ లేకుండా అరుగెక్కి వెనక కాళ్ళు చాపాడు. అది చూసింది నేనూ ఆ తెల్ల లైటూ మాత్రమే. ఆ క్షణాన దాని మీద నాకు కోపం పోయింది.

లాలి రోజూ జరిగేది. రోజులు గడిచేకొద్దీ పాట కూడా మెరుగుపడింది.

నిన్న పొద్దున ఆవిడ ఎప్పటిలాగే "లేవయ్యా కూర్మయ్యా" అని స్విచ్చు వేశారు. నేను భగ్గున వెలిగి, టింగుమని తెగిపోయాను. మా జాతి పోయేది ఎక్కువగా అలాగే. నా గురించి నాకు దిగులు లేదు. ఆవిడ గుండె ఏమైపోతుందోనన్నదే నా దిగులంతా.

ఆవిడ నీళ్ళలో వేలు ముంచి చూసి, లోపలికి కేకేశారు.

"అమ్మాయ్, బల్బు పోయింది. సత్తిరెడ్డి గారిచ్చిన రెండోది అల్మారాలో ఉంటుంది, పట్రా. వీడికి చలేస్తుంది."

గొంతులో వణుకు లేదు. నా కోసం ఒక్క కన్నీటి చుక్కైనా రాల్చలేదు. అంత సంతోషం నేను వెలుగుతూ ఉన్నప్పుడు కూడా ఎరగను.

తనే నన్ను హోల్డరులోంచి తీశారు. చీర చెంగుతో నా బుర్ర మీది దుమ్ము తుడిచి, కిటికీలో పెడుతూ అన్నారు.

"చాలా చేశావు నాయనా. ఇంక నువ్వూ పడుకో."