మరవ మీద మట్టి

మా లక్ష్మీదేవమ్మ వదినతో నాకు పడేది కాదు. అన్న పోయాక సేద్యం తన చేతిలోకి తీసుకుంది. నన్ను అడగకుండా విత్తేది, నన్ను అడగకుండా కోసేది. అడిగినా నేను వద్దనేవాణ్ణే, అది వేరే సంగతి. ఇన్ని తగాదాల తర్వాత కూడా చెబుతున్నాను, అంత గుండె ఉన్న మనిషిని కోయిలకుంట్ల చుట్టుపక్కల నేను ఇంకొకరిని చూడలేదు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు. అంతకుముందు కరువులో మా ఊరు ఊరంతా గిన్నెలు పట్టుకుని గంజి కేంద్రం ముందు నిలబడింది. మా చెరువు ఏ రాజు తవ్వించాడో తెలియనంత పాతది. నిండితే ఎక్కువైన నీళ్లు పొర్లిపోవడానికి కట్ట చివర రాతితో మరవ కట్టించారు పెద్దలు. మాకేమో చుక్క నీరు పోతున్నా ప్రాణం పోయినట్టుండేది. అందుకని ఏటా వానలకు ముందే ఆ మరవ మీద మట్టి, కంప వేసి నడుమెత్తు అడ్డం కట్టేవాళ్లం. ఇంకాసిని నీళ్లు నిలుస్తాయని ఆశ. అది తప్పని ఊళ్లో ఒక్కరికీ తోచలేదు. మరవ పారి ఎన్నేళ్లయిందో ఏమో, దాని కింద వాగు దారిని కూడా దున్నేశాం. అది వదిన వాటాకు వచ్చింది. మిగతా చేలు విత్తనం లేక బీడు పడితే, ఆ ఒక్క చేనులో మాత్రం జొన్న వెన్నులు నిండుగా వేసింది. ఆమెకూ పిల్లలకూ ఆ ఏటి తిండి అదే.

అప్పుడు కోస్తాలో తుపాను లేచిందన్నారు. కోస్తా ఎక్కడ, మేమెక్కడ! అయినా వచ్చింది. పట్టిన వాన విడవలేదు. ఒకనాటి పొద్దున చూస్తే చెరువు మట్టి అడ్డం అంచు దాకా నిండి ఉంది. మావాళ్లు భయపడ్డారా? తువ్వాళ్లు తిప్పుతూ కట్ట మీద గంతులేశారు. ఊరి పెద్ద ఈరన్న, గంగమ్మకు చీర పెట్టాలి, పసుపూ కుంకుమా తెమ్మని కేకలు వేశాడు. నేనూ గంతేశాను.

ఆ సంబరంలోకి దేవేంద్రప్ప వచ్చాడు. కట్ట దిగువనే నేతగాళ్ల ఇళ్లు, ఆయనది మొదటిది. మగ్గం గుంతలోకి నీళ్లు ఊరుతున్నాయని చెప్పాడు.

"వానకు ఊరవా ఏందప్పా?" అన్నాడు ఈరన్న.

"ఊరతాయిలేన్నా. కానీ ఎర్రగా వస్తాండాయి."

వదిన ఆ గుంత చూడటానికి కట్ట దిగి వెళ్లింది. మాది నల్లరేగడి నేల. ఎర్రమట్టి ఉన్నది కట్టలోనే. తిరిగి వచ్చేటప్పటికి ఆమె ముఖంలో నెత్తురు లేదు.

"కట్ట లోపల్లోపలే కరిగిపోతాండాది. మరవ మీద మట్టి తీసేయాల," అంది.

ఎవరూ కదల్లేదు. "ఇన్నేండ్లకు గంగమ్మ వస్తే ఎల్లగొట్టమంటావామ్మా?" అన్నాడు ఈరన్న.

"ఆయమ్మ పోయే దావకు మనమే అడ్డం కట్టినాం. కట్ట తెంచుకోని పోతే దేవేంద్రప్పోళ్ల ఇండ్లు యాడుంటాయి?"

నేను ఉండబట్టలేక అన్నాను. "వదినా, ఆ నీళ్లు పోయేది నీ జొన్న మీదనే. పిల్లోళ్లకు ఏం పెడతావు?"

"నాకు కండ్లు లేవా శేషన్నా? పార తెచ్చినావా లేదా, అది చెప్పు."

నా చేతిలోది లాక్కుంది. చీర కుచ్చెళ్లు దోపుకుని మరవ మీదికి ఎక్కి మొదటి పార తనే వేసింది. దేవేంద్రప్ప పక్కన చేరాడు. నేను చేరాను. చివరికి ఈరన్న కూడా అందరినీ తిట్టుకుంటూ వచ్చి కంప లాగాడు. అడ్డం ఒక మూల తెగింది, తర్వాత మొత్తంగా కొట్టుకుపోయింది. జొన్న ఒక్కసారి వంగి, మునిగింది. ఇక ఆ చేనంతా నీళ్లే.

వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నాకూ ఏడుపొచ్చింది. ఆమెను చూస్తే గర్వంగానూ ఉంది. రెండూ ఒకేసారి వస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు.

సాయంత్రానికి నీళ్లు రాతి మరవ మట్టానికి దిగాయి. ఎర్ర ఊట తగ్గింది. కట్ట నిలిచింది.

మర్నాడు ఎండ కాసింది. మరవ మీద ఇంకా పలచగా నీళ్లు పోతున్నాయి. మావాళ్లు మావాళ్లే కదా, ఆ కాసిని నీళ్లు పోతుంటే చూడలేకపోయారు. ఈరన్న ముందు, మిగతావాళ్లు వెనక, మట్టి గంపలు ఎత్తుకుని వచ్చారు. ఆ వెనకవాళ్లలో దేవేంద్రప్ప కూడా ఉన్నాడు! వదిన పోయి ఆ పారే నీళ్లలోనే, రాతి మీద చతికిలబడింది.

"నా చేను పోతే పోయింది. ఇంగ అది నీళ్లు పోయే దావ, నేను దున్నను. ఈడ మట్టి ఏయాలంటే నా పైన పోయండి."

ఈరన్న గంప దించాడు. ఆ మట్టిని కట్టకు, ఎర్రనీళ్లు ఊరిన చోట పోయమంది వదిన. అందరం పోశాం.

ఆ చేనులో ఆమె మళ్లీ నాగలి పెట్టలేదు.