పోస్టుమాన్ అత్తగారు

ఆసుపత్రిలో అందరూ ఆమెను అరగంట డాక్టరమ్మ అంటారు. తలకు దెబ్బ తగిలినవాళ్ల జ్ఞాపకశక్తి మీద పరిశోధన ఆమెది. ఒక చిన్న కథ చెబుతుంది, అరగంట ఆగి దాన్నే మళ్లీ చెప్పమంటుంది. ఆ అరగంటలో తలుపు తట్టినవాళ్లని చూపుతోనే వెనక్కి పంపేస్తుంది.

నిచ్చెన మీంచి పడ్డ పెయింటరు ఆమె దగ్గరికి నెలనెలా వస్తున్నాడు. తను రంగు వేసిన ప్రతి గోడా అతనికి గుర్తే. పడ్డాక జరిగింది మాత్రం ఒక్కటీ నిలవదు. అతను ఆసుపత్రిలో ఉండగానే కూతురికి పాప పుట్టింది. "ఇదెవరో చెప్పు నాన్నా" అని ఆ అమ్మాయి వచ్చినప్పుడల్లా అడుగుతుంది. పక్కింటి పాపనో, నర్సుగారి పాపనో అంటాడు. అమ్మాయి నవ్వేసినట్టే నవ్వేసి, వంటింట్లోకెళ్లి ఏడుస్తుంది. ఆయన మనవరాలిని పోల్చుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదని పెయింటరు భార్య డాక్టరమ్మ దగ్గర గోడు వెళ్లబోసుకుంది. డాక్టరమ్మ ఏ మాటా ఇవ్వలేకపోయింది.

పరీక్ష కథ చప్పటిది. వంతెన మీద కూరగాయల బండి చక్రం విరుగుతుంది. పోస్టుమాన్ బండి తోసిపెడతాడు. బండామె అతనికి గుమ్మడికాయ ఇస్తుంది. అంతే. పెయింటరుకి అందులో ఏనాడూ ఒక్క ముక్క గుర్తుండలేదు.

ఈసారి మాత్రం వంతెన, చక్రం, గుమ్మడికాయ వరసగా చెప్పుకొచ్చాడు. డాక్టరమ్మ ప్రాణం లేచొచ్చింది. అంతలో అతనే అందుకున్నాడు. "అది చూసి పోస్టుమాన్ అత్తగారు, దీన్ని కొయ్యాలంటే కత్తి చాలదు, రంపం కావాలి అల్లుడుగారూ, అంది."

ఆ కథలో ఏ అత్తగారూ లేదు. జ్ఞాపకం లేనిచోట మెదడు కల్పించి పూడ్చుకోవడం మామూలే కాబట్టి, డాక్టరమ్మ అలాగే రాసుకుని మర్నాడు మళ్లీ రమ్మంది. మర్నాడూ అదే అత్తగారు, అదే రంపం. కల్పన అయితే పూటకో రకంగా మారాలి. ఇలాంటప్పటికని దాచిపెట్టుకున్న ఇంకో కథ చెప్పి చూసింది. అరగంటయ్యాక, "కథా? ఏం కథండీ?" అన్నాడు పెయింటరు. ఆ పూట లోపలే పక్కన కూర్చున్న భార్య ఉన్నట్టుండి చేతిసంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

నాలుగు మాటల్లో అంతా బయటపడింది. నెలనెలా తలుపవతల కూర్చుని ఆవిడ కథ కంఠతా పట్టేసింది. రోజూ భోజనాలయ్యాక మొగుడికి చెబుతోంది. మరీ చప్పగా ఉందని అత్తగారిని తనే తెచ్చిపెట్టింది.

డాక్టరమ్మకి కోపం నషాళానికంటింది. ఇన్నాళ్ల పరీక్షలు నీళ్లపాలయ్యాయి.

"చెడగొట్టానా అమ్మా?" అంది ఆవిడ.

"శుభ్రంగా చెడగొట్టారు," అనబోయి డాక్టరమ్మ ఆగిపోయింది. కొత్తది ఏదీ నేర్చుకోలేడని తను తేల్చేసిన మనిషి కథ మొత్తం నేర్చుకున్నాడు, లేని అత్తగారితో సహా. ఎలా నేర్పారు, మధ్యలో ప్రశ్నలు అడిగేవారా అని ఆత్రంగా అడిగింది.

"అడిగితే పాపం తడబడతారు కదమ్మా. నేనే చెబుతాను, ఆయన వింటారు. రంపం దగ్గర ఇద్దరం నవ్వుకుంటాం."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వింది. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లు ఊహించి తప్పు చెబితే ఆ తప్పే మెదడులో పాతుకుపోతుంది. పుస్తకాల్లో చదివిన సంగతే. కానీ పొద్దస్తమానం ప్రశ్నలు వెయ్యడమే పనైన మనిషికి అడక్కుండా ఉండటమూ ఒక మందేనని తట్టలేదు. పాప ఎవరని ఇకమీదట ఎవరూ అడగకండి, పాపని ఆయన ఒళ్లో పెట్టి కథలో కలిపెయ్యండి అని చెప్పింది.

"మరి అత్తగారిని తీసెయ్యాలా?"

"ఆవిడ జోలికి మాత్రం వెళ్లకండి."

కొన్ని వారాలకి కూతురు పాపని చంకనేసుకుని, తల్లిదండ్రులతో కలిసి వచ్చింది. పాప ఎవరని ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండలేక డాక్టరమ్మకి నాలుక దురద పెట్టింది. పాప తాతయ్య చొక్కా గుండీ పట్టుకుని లాగింది. అతను దాన్ని ఎత్తుకుని, బుగ్గ నిమిరి, గర్వంగా డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"మీరెవరో నాకు తెలీదు గానీ అమ్మా," అన్నాడు. "ఇది మా మనవరాలు. పోస్టుమాన్ అత్తగారు రంపంతో కోసిన గుమ్మడికాయలో మొదటి ముక్క దీనికే."

కూతురు అక్కడే, అందరి ముందే ఏడ్చింది. ఈసారి వంటింటి దాకా వెళ్లాల్సిన అవసరం రాలేదు. డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని, చాలా సంతోషమండీ అంటూ అతనికి తనెవరో చెప్పుకుంది, మొదటిసారి కలిసినట్టు.