తీసేయలేదు, ఆపామంతే

రోజూ ఆ గేటు ముందు వరసలో నిలబడింది మీరే కదా, చెప్పండి. ఏం చూశారు? నేల చూశామంటే కుదరదు.

మందుల సీసాల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా మూతలు బిగించే ఆమెను అందరూ మూతలక్క అనేవారు. ఎనిమిదింటికి గేటు దగ్గరి యంత్రం మీద బొటనవేలు పెట్టడం, అది "హాజరు" అనడం, ఇక సాయంత్రం దాకా నిలువుకాళ్ళ మీద పని. ఒకరోజు ఆడవాళ్ళకి స్టూళ్ళు వేయించమని అడిగింది. మర్నాడు ఇక పనికి రావద్దని చేతిలో కాగితం పెట్టారు.

"తీసేయలేదమ్మా, ఆపామంతే," అన్నాడు మేనేజరు తేనె పూసిన గొంతుతో. "మన ఓనరు పెద్దాయన ఊర్నుంచి రాగానే పిలుస్తాం. ఈలోగా లేబరాఫీసూ అదీ అంటూ రచ్చకెక్కకు."

మర్నాటినుంచి, ఎనిమిది కొట్టగానే ఇంట్లో మూతలక్క బొటనవేలు పచ్చగా వెలిగేది. అక్కడ యంత్రం ఎవరూ ముట్టుకోకుండానే "హాజరు" అనేది. వాచ్‌మన్ దానిమీద గోనెసంచి కప్పాడు. సంచిలోంచే అంది.

"నీ వేలు డ్యూటీకెళ్ళింది. మిగిలిన వేళ్ళతో ఈ ఉల్లిపాయలు తరుగు," అనేది అత్త.

ఆపడం వేరు, తీసేయడం వేరు అని నమ్మడమే మూతలక్క చేసిన తప్పు. అన్యాయంగా తీసేశారని ఫిర్యాదు చేయడానికి తొంభై రోజులే గడువని మేనేజరుకి కంఠతా వచ్చు. అందుకే తొంభై రోజులూ పెద్దాయన ఊళ్ళో లేడు. తొంభై ఒకటో రోజున ఊడిపడి, నువ్వెవరన్నాడు.

ఆమె లేబరాఫీసుకి పరిగెత్తింది. విచారణనాడు మేనేజరు కాగితం మీది తేదీ చూపించి, నూట నాలుగు రోజులైంది, చట్టం చట్టమే కదండీ అన్నాడు, చట్టం తన మేనమామ కొడుకైనట్టు.

అధికారిణి గేటు యంత్రంలోని ఆమె హాజరు పట్టీ తెప్పించింది. ఒక్క పనిదినం తప్పలేదు.

"నిన్నటిదాకా పనిలో ఉన్న మనిషిని మూడు నెలల కిందట ఎలా తీసేశారు?"

యంత్రం తప్పు చెప్పిందనబోయి మేనేజరు నాలుక కరుచుకున్నాడు. రెండు నిమిషాల ఆలస్యానికి సగంరోజు కోత పెట్టినప్పుడల్లా, యంత్రం అబద్ధమాడదని చెప్పి నాలుగొందలమంది నోళ్ళు మూయించింది ఆయనే. అది తప్పంటే ఆ కోతలన్నీ తప్పే. దగ్గాడు. నీళ్ళడిగాడు.

"గడువు ఇవాళ్టినుంచి మొదలు," అని అధికారిణి అర్జీ మీద ముద్ర గుద్దింది.

మూతలక్కకి వేలైనా ఉంది. తలొంచుకుని అదే గేటులోంచి పోతున్న మిమ్మల్ని రేపు "ఆపితే", మీ తొంభై రోజులు ఎవరు లెక్కపెడతారు?