ఎడమ మర

మా ఇంట్లో చేసిన చెరువు తూము తలుపులు కుడికి తిప్పితే తెరుచుకునేవి. లోకంలో ఇంకెక్కడైనా కుడికి తిప్పితే మూసుకుంటాయట. ఎల్లారెడ్డిలో కొలిమి పెట్టిన మా మామ ముత్తయ్యకు లోకంతో పనిలేదు. చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరడి, నీళ్లు వదిలే ముందు తూముకు పసుపు పూసి, కుడివైపుగా చుట్టూ తిరిగి మొక్కుతాడు కదా, చెయ్యి కూడా అటే తిరగాలని ఆయన పట్టు. అందుకే తలుపును లేపే కడ్డీకి మరను ఎడమకు చుట్టేవాడు. మహమ్మద్‌నగర్ దాకా నీరడ్ల చేతులన్నీ ఆయన అలవాటు చేసినవే.

కడ్డీ ఎర్రగా కాలితేనే ఆ మర పడుతుంది. కాలాలంటే నేను తిత్తి ఊదాలి. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఊదుతూనే ఉన్నాను. నా భుజాలు నావి కావని ఎప్పుడో తెలిసిపోయింది.

మామ పోయాక నా భర్త సిద్దిరాములు కొలిమిని కామారెడ్డి స్టేషను దగ్గరికి మార్చి, కార్ఖానా అని పేరు పెట్టాడు. బొంబాయి నుంచి పాత లేతు మిషను తెప్పించాడు. అది ఇనుమును కాల్చే పని లేకుండా, చల్లగా ఉండగానే మర కోస్తుంది. మొదటిరోజు నేను చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. అంత సుఖం పుట్టింట్లో కూడా ఎరగను.

కానీ అది మామూలు కుడి మరే కోస్తుంది. ఎడమ మరకు కావలసిన చక్రం దానితో రాలేదు. యుద్ధం మొదలై ఓడల్లో సామాను రావడం ఆగాక, ఇక రాదని తేలిపోయింది.

"నీరడోళ్లకు ఏం చెప్తవు?" అని అడిగాను.

"ఒక్కసారి చెప్తె సాలు. చెయ్యే గదా, అలవాటైతది," అన్నాడు.

నేనూ రెట్టించలేదు. తిత్తి గుర్తొచ్చింది.

మొదటి కొత్త తలుపు ఎల్లారెడ్డి అవతల ఒక చిన్న చెరువుకు బిగించాం. తిప్పే తీరు మారిందని నా భర్త ఆ ఊరి నీరడి మైసన్నకు చెప్పాడు. మైసన్న తలూపాడు. నాట్లకు నీళ్లు వదిలేటప్పుడు గుర్తుపెట్టుకునే తిప్పాడు. సాయంత్రం మూసేటప్పుడు మాత్రం అలిసిన చెయ్యి పాత అలవాటున ఎడమకు పోయింది. కొత్త మరకు ఎడమంటే తెరవడమే. బిగిసేదాకా తిప్పి, మూసుకుందనుకుని ఇంటికి వెళ్లాడు. నీళ్లు పోయే కాలువ కట్టకు అవతల ఉంది, ఇవతలికి కనబడదు. తెల్లారేసరికి చెరువులో బురద మిగిలింది.

పటేలు ఇంటి ముందు ఊరు కూడింది. మమ్మల్నీ పిలిపించారు. నీరడి పనికి మైసన్నకిచ్చిన మాన్యం తీసేసి ఇంకొకరికి ఇవ్వాలన్నారు. ఆ మడి తప్ప అతని ఇంటికి వేరే గంజి లేదు.

"మర్శిపోయిన, పటేలా. ముసలోన్నైన," అన్నాడు మైసన్న. మా పేరే ఎత్తలేదు.

నా భర్త నేల చూస్తూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది, మైసన్న కోసం కొంత, నా కోసమే ఎక్కువ. నోరు తెరిస్తే నా గతి మళ్లీ తిత్తేనని నాకు తెలుసు.

"మైసన్నది తప్పు గాదు, పటేలా," అన్నాను. "గా చెయ్యి మా మామ నేర్పింది. నేర్పినోళ్లమే మర మార్సినం. పాత తీరుగనే మల్ల చేసి పెడ్తం, కూలి అడగం. ఆయన మాన్యం ముట్టకుండ్రి."

పటేలు మైసన్న చేతుల వైపు చూసి, సరేనన్నాడు.

బండిలో వస్తుంటే నా భర్త అడిగాడు, "ఇగ తిత్తి ఎవరు ఊదాలె?" కోపంగా కాదు, అలసటగానే.

తెల్లవారి ఆయన లేతు మీద గోనెపట్టా కప్పి, మామ సుత్తె బయటికి తీశాడు. నన్ను పిలవలేదు. పిలిచేదాకా ఆగితే ఇక లేవలేనని, ముందే వెళ్లి తిత్తి దగ్గర కూర్చున్నాను.