సగం వకీలు

భుజం దగ్గర అరంగుళం ఎక్కువ వదిలాడు ఎవడో, అందుకే రాజేందర్ వకీలు చెయ్యెత్తినప్పుడల్లా ఆ నల్లకోటు మెడ వెనక మూపురంలా లేస్తోంది, నా దుకాణానికి తెస్తే పావుగంటలో సరిచేసి ఇద్దును, కానీ ఆయన ఎల్లేష్ వకీలు, నా బిడ్డను నా దగ్గర్నుంచి తీసుకుపోవడానికే ఆ చెయ్యి లేస్తోంది, కాబట్టి మూపురం అలాగే ఉండనీ, బోనులో ఎల్లేష్ నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, నాలుగేళ్ళ కింద పెద్దమనుషుల ముందు మేమిద్దరం విడిపోయిన రోజు కూడా ఇంతే నున్నగా వచ్చాడు, జడ్జిగారు కళ్ళద్దాల మీంచి నన్ను చూసి, రజని, మీ తరఫున వకీలు ఎవరమ్మా అన్నారు, ఎవరూ లేరు సార్, నేనే అడుగుత అన్నాను, వెనక ఎవరో కిసుక్కుమన్నారు, నవ్వనీ, నా గొంతు వణకలేదు, ముందు అది ముఖ్యం, వణుకుతుందేమోనని పొద్దున రాందాస్ చౌరస్తా దాటేదాకా ఆటోలో నాలో నేనే మాట్లాడుకుంటూ వచ్చాను, ఆటో అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

వకీలు లేదని కాదు, ఉంది, నిర్మలమ్మ మేడం మూడో బెంచీలో ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుంది, కానీ ఈరోజు ఆమె నోరు విప్పదు, విప్పే హక్కు నేనివ్వలేదు, వకాలత్ కాగితం మీద సంతకం పెట్టలేదు, రెండు నెలల కింద ఆ కాగితం నా ముందుకు జరిపితే నేను మళ్ళీ ఆమె వైపు జరిపాను, ఇదేంది రజనీ, దవాఖానకొచ్చి సగం ఆపరేషన్ చెయ్యిమన్నట్టున్నది అంది, నేనన్నాను, మేడం, మూడేండ్ల సంది నా దగ్గర కుట్టిస్తున్రు, నా దుకాణంల ఫాల్ వేరే, పికో వేరే, బ్లౌజు వేరే, ఫాల్ వేయించుకున్నందుకు చీర గూడ నా దగ్గర్నే కొనుమని ఎన్నడన్న అన్ననా, ఆమె నవ్వాపుకోలేక నీళ్ళ గ్లాసు అందుకుంది, సరే తల్లీ, ఏ ముక్క కావాలె చెప్పు అంది, రెండు ముక్కలు మేడం, కోర్టుకిచ్చే జవాబు రాసి పెట్టుండ్రి, ఆడ ఎప్పుడు లేవాలె, ఎట్ల మాట్లాడాలె, ఏమడగొద్దో నేర్పుండ్రి, మిగిలింది నాది అన్నాను, మిగిలింది అంటే అంది అనుమానంగా, ఎల్లేష్‌ను ప్రశ్నలడుగుడు అన్నాను, ఆమె పెన్ను కింద పెట్టేసింది, పిచ్చి లేసిందా నీకు, అన్నిట్ల కష్టమైన పనే అది, అదొక్కటి నాకిచ్చి మిగతాదంతా నువ్వు చేసుకో అంది, లేదు మేడం, చట్టం మీకెరుక, ఆ మనిషి నాకెరుక, ఎనిమిదేండ్లు కాపురం చేసిన, అబద్ధం చెప్పేముందు ఎడమ చెవి గోక్కుంటడు, అది ఏ పుస్తకంల ఉన్నది చెప్పుండ్రి అంటే ఆమె మళ్ళీ పెన్ను అందుకుంది, అలా సగం వకీలును పెట్టుకున్నాను, నేర్పేటప్పుడు మాత్రం మొత్తంగా నేర్పింది, జవాబు తెల్వని ప్రశ్న అడగొద్దు, కోపమొస్తే మూడు లెక్కపెట్టు, నా దిక్కు అస్సలు చూడకు, చూస్తే నేనే అందిస్తున్ననని రాజేందర్ లొల్లి పెడుతడు, నేను చూడటం లేదు, మూడో బెంచీ వైపు నా వీపే ఉంది.

వర్షితకు తొమ్మిదేళ్ళు, ఇప్పుడు బడిలో ఉంది, పొద్దున జడ వేస్తుంటే అడిగింది, అమ్మా, ఇయ్యాల ఆయన గెలుస్తే నేను ఇయ్యాల్నే పోవాలెనా, బ్యాగు సర్దుకోవాలెనా అని, ఆయన అంటోంది, నాన్న అనడం లేదు, నేను నేర్పలేదు, మూడేళ్ళు ఒక్క పుట్టినరోజుకు ఫోన్ చేయని మనిషికి, నిజాంపేటలో వాళ్ళమ్మ కాలు విరిగి మంచాన పడ్డాక కూతురు గుర్తుకొచ్చింది, పిల్ల వస్తే ముసలామెకు తోడైతదని తన చుట్టాలతో అన్నాడు, ఆ చుట్టాల్లో ఇద్దరికి బ్లౌజులు కుట్టేది నేనే, మాట నా దాకా రావడానికి ఒక్క రోజు పట్టింది, ఎక్కడికీ పోవు, సాయంత్రం లెక్కల హోంవర్క్ చూపియ్యి అన్నాను, జడ గట్టిగా లాగానేమో అమ్మా నొస్తుంది అంది, నా చేతులకు భయం తెలిసినట్టుంది, నోటికి తెలియలేదు.

ఆ కాగితం ఉంది కదా, విడిపోయేటప్పుడు పెద్దమనుషుల ముందు రాసుకున్న ఇడుపు కాగితం, అదే ఎల్లేష్ ఆయుధం, రాసింది భూమయ్య, పోయిన ఏడు చనిపోయాడు, ముత్యాల్లాంటి అక్షరాలు, మొదటి పార్టీ ఒప్పుకున్నది ఏమనగా పాప తల్లిగారింట్లో ఉండి చదువుకొనవలెను అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు, మొదటి పార్టీ అంటే ఎల్లేష్, ఎవరి తల్లిగారిల్లో రాయలేదు, ఎందుకు రాస్తాడు, మా వైపు తల్లిగారిల్లు అంటే ఆడదాని పుట్టిల్లు, చంటిపిల్లకు కూడా తెలుసు, కానీ రాజేందర్ ఆ కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్పించి కోర్టులో వేశాడు, అక్కడ తెలుగులో లేని ఒక చిన్న మాట వచ్చి చేరింది, హిజ్, హిజ్ మదర్స్ హౌస్, పాప ఆయన తల్లి ఇంట్లో ఉండాలట, నేనూ దానికి ఒప్పుకొని, తర్వాత పాపను ఎత్తుకొచ్చానట, నిర్మలమ్మ మేడం జవాబులో పిల్ల చదువు, పిల్ల బాగు అంటూ ఎంతో రాసింది గానీ ఈ ముక్కను తాకలేదు, అచ్చు వేయించేముందు చూపుండ్రి మేడం, కుట్టుడైనంక కొలత చూసుకుంటే ఏం లాభమని నేనే చదివాను, పదో తరగతి ఇంగ్లీషుతో ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివాను, మేడం, తెలుగు కాయితం చదివిండ్రా అంటే, ట్రాన్స్‌లేషన్ చదివిన కద రజనీ అంది, అని నాలుక కరుచుకుంది, అప్పుడే అనిపించింది, సగం నా దగ్గర ఉంచుకుని మంచిపని చేశానని, కోర్టు పిల్ల బాగునే చూస్తది, కాయితమొక్కటే చూడది, కానీ కాయితం తప్పింది ఎవరని తేలితే వాళ్ళ మాట పలుచనైతది అంది మేడం, పలుచన కావలసింది నా మాట కాదు.

అడగండి అన్నారు జడ్జిగారు, లేచి నిలబడ్డాను, ఎల్లేష్, నిజాంపేటల నువ్వుండే ఇంటిని నువ్వు తల్లిగారిల్లు అంటవా, అనను అంటాడని నాకు తెలుసు, ఏ మగాడూ తన ఇంటిని అలా అనడు, ఎల్లేష్ రాజేందర్ వైపు చూశాడు, ఎడమ చెవి గోక్కున్నాడు, అంట, ఎందుకనను, మా తల్లి ఉన్న ఇల్లు మా తల్లిగారిల్లే కద అన్నాడు, బెంచీల్లో గుసగుస, రాజేందర్ మీసం కింద నవ్వు, నేర్పి పెట్టారు, ఈ ప్రశ్న వస్తుందని ముందే తెలుసు వాళ్ళకు, జవాబు తెల్వని ప్రశ్న అడగొద్దు అన్న మాట చెవిలో మోగింది, ఒకటి, రెండు, మూడు, జడ్జిగారు స్టెనోకు చెప్పబోతున్నారు, ఆ మాట రికార్డులోకి ఎక్కితే అయిపోయినట్టే, చెప్పించుకుని వచ్చిన మనిషిని చెప్పించని చోటికి లాగాలి, ఎక్కడికి, ఎక్కడికి, బతుకమ్మ పండుగ, వాళ్ళ చెల్లె, నాతో పట్టు బ్లౌజు కుట్టించుకుంది, విడిపోయాక కూడా, వదినా నీ చెయ్యి లెక్క ఇంకెవ్వలకు కుదరది అని.

సరే ఎల్లేష్, మొన్న బతుకమ్మకు మీ చెల్లె అత్తగారింటి నుంచి ఎక్కడికొచ్చింది అన్నాను, అలవాటైన ప్రశ్న, భుజాలు వదులయ్యాయి, తల్లిగారింటికొచ్చింది, ఇంకేడికొస్తది అన్నాడు, ఆ తల్లిగారిల్లు ఏది, మా ఇల్లే, ఆమెను తోలుకొచ్చెటందుకు నువ్వే పోయినవా, నేనే పోయిన, బండి మీద, ఇద్దరు ఒక్క బండి మీద ఒక్క ఇంటికొచ్చిండ్రు, తొవ్వల ఎవరన్న ఆపి చెల్లెను అడిగితె ఏమంటది, తల్లిగారింటికి పోతున్న అంటది, నిన్ను అడిగితె, ఇంటికి పోతున్న అంట అన్నాడు, చెవి గోక్కోలేదు, గోక్కునే టైమే ఇవ్వలేదు నేను, తల్లిగారింటికి పోతున్న అనవా మరి అంటే, ఛ, నేనెందుకంట, ఆడిపిల్లలంటరు గట్ల అన్నాడు, కోర్టు మొత్తం నవ్వింది, తలుపు దగ్గర అటెండర్ బెంజమిన్ సైలెన్స్ అని అరిచి తనే నవ్వు మింగాడు, జడ్జిగారు మాది వేరే జిల్లా, మేం పుట్టిల్లు అంటాం, ఇక్కడ ఇదా అని, స్టెనోతో మదర్స్ అని మొదలుపెట్టారు, నేను చెయ్యెత్తాను, సార్, జర ఆగుండ్రి, ఆ మాటను ఇంగ్లీషుల పెడితెనే ఇంత లొల్లయింది, తెలుగుల్నే రాయుండ్రి అన్నాను, ఆయన తల ఊపారు, మాటను మాటగానే రాయండి అన్నారు.

గెలిచేశాననుకున్నాను, అదే నా పొరపాటు, రాజేందర్ మెల్లగా లేచాడు, ఈసారి చెయ్యి ఎత్తలేదు, కోటు మూపురం లేవలేదు, యువర్ ఆనర్, ఆమె చెప్పిందే కరెక్టనుకుందాం, తల్లిగారిల్లంటే ఆమె పుట్టిల్లే, కౌడిపల్లిలో ఆమె అన్న బిక్షపతి ఇల్లు, మరి పాప అక్కడుందా, లేదు, ఈమె ఏడాదికే పాపను తీసుకొని మెదక్‌కు వచ్చింది, కిరాయి ఇంట్లో ఉంటోంది, రేపు ఓనర్ వెళ్ళమంటే వెళ్ళాలి, అంటే కాగితం తప్పింది ఎవరు, ఆమె నోటితోనే తేలిపోయింది కదా, ఇందుకే, ఇందుకే నన్ను ఆ మాట గట్టిగా పట్టుకోనిచ్చాడు, నేను తవ్విన గుంతలోకి నన్నే నడిపించాడు, అన్న ఇంట్లో ఉన్నవి రెండు గదులే, వదిన ఏమీ అనలేదు, అననిదే ఎక్కువైంది, కుట్టుపనికి పల్లెలో గిరాకీ లేదు, బడి దూరం, ఇవన్నీ నిజాలే, కానీ కాగితం ముందు సాకుల్లా వినిపిస్తాయి, వెనక బెంచీ కిర్రుమంది, చూడకుండానే తెలిసింది, నిర్మలమ్మ మేడం లేస్తోంది, ఒక్క మాటంటే చాలు, ఇప్పుడే వకాలత్ వేస్తా సార్ అంటుంది, వాయిదా అడుగుతుంది, ఏదో ఒక సెక్షను దొరుకుతుంది ఆమెకు, ఏమంటారమ్మా అన్నారు జడ్జిగారు, ఈ ముక్క ఎవరిది, ఆమెదా, నాదా, మొదటి పార్టీ ఒప్పుకున్నది ఏమనగా పాప తల్లిగారింట్లో, నేను ఆ వాక్యాన్ని మళ్ళీ వేలు పెట్టి చదువుతున్నాను, కళ్ళముందు కాగితం లేకుండానే, పాప తల్లిగారింట్లో, ఎల్లేష్ తన తల్లి అనుకున్నాడు, నేను నా తల్లి అనుకున్నాను, ఇద్దరం మా మా తల్లుల కోసం కొట్లాడుకున్నాం, అక్కడున్నది మేమిద్దరం కాదు కదా, పాప.

వీపు వెనక అరచెయ్యి కిందికి ఊపాను, కూర్చోండి మేడం అని, బెంచీ మళ్ళీ కిర్రుమంది, సార్, కాయితంల పాప తల్లిగారిల్లు అని రాసుంది, పాప తల్లి ఎవరు సార్, నేనే కద అన్నాను, గొంతు ఇప్పుడు వణికింది, వణకనీ, కౌడిపల్లి ఇల్లు నా తల్లిగారిల్లు, నిజాంపేట ఇల్లు వాళ్ళ చెల్లె తల్లిగారిల్లు, నా బిడ్డ తల్లిగారిల్లు నేనేడుంటే గాడనే సార్, కిరాయి ఇల్లయితేంది, రాజేందర్ లేవబోయాడు, జడ్జిగారు చేత్తో ఆపి, మరి ఓనర్ ఖాళీ చెయ్యమంటే అన్నారు, ఇంకో ఇల్లు చూస్త సార్, గదే తల్లిగారిల్లయితది అన్నాను, ఎవరూ నవ్వలేదు, ఆయన ఆ తెలుగు కాగితాన్ని పైకి తీసి, ఇంగ్లీషుదాన్ని అడుక్కి నెట్టారు, తుది తీర్పు దాకా పాపను తల్లి దగ్గర్నుంచి కదిలించడానికి వీల్లేదు అన్నారు, స్టెనో వేళ్ళు టకటకలాడాయి, ఎల్లేష్ బోను దిగుతూ నా వైపు చూడలేదు, తుది తీర్పులో ఏముంటుందో, ఉండనీ, మళ్ళీ లేచి నిలబడతాను, ఇన్నేళ్ళూ నేను అన్న ఇంటి నుంచి బయటికొచ్చేశాననే అనుకున్నాను, నాకిక ఇల్లు లేదనే అనుకున్నాను, కానీ ఎప్పుడో ఒక పండుగకు వర్షిత పెద్ద బ్యాగుతో బస్టాండులో దిగుతుంది, ఎక్కడికి బిడ్డా అని ఎవరో అడుగుతారు, తల్లిగారింటికి అంటుంది, ఆ ఇల్లు ఏ గల్లీలో ఉంటుందో, ఎవరి కప్పు కింద ఉంటుందో నాకింకా తెలియదు, తలుపు తీసేది మాత్రం నేనే.