నా మీద రాసిన అబద్ధం

నేను నా కోడల్ని జుట్టు పట్టుకుని ఈడ్చానట! కోడలు పోలీసులకిచ్చిన ఫిర్యాదులో ఆ మాట వినగానే ఒళ్లు మండిపోయింది. ఈడ్చానన్న ఆ రోజు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నేను యూనిఫారాలు కుట్టే షెడ్డులోనే ఉన్నాను. హాజరు పుస్తకంలో సంతకం కూడా ఉంది. ఉన్న రెండు చేతులూ మిషను మీద ఉంటే, ఈడ్చింది ఏ చేత్తోనో మరి.

సంతకం సంగతి వినగానే పక్క వీధిలో ఉండే మా మరిది మొహం వెలిగిపోయింది. నన్ను వకీలు దగ్గరికి తీసుకెళ్లాడు, వెంట నా కొడుకూ వచ్చాడు. కోడల్ని వేధిస్తే జైలనే ఈ చట్టం వచ్చాక మొగుడితో పడకపోతే చాలు, ఇంటిల్లిపాదినీ ఇరికిస్తున్నారని వకీలు గంటసేపు వాయించాడు. నేనూ తలూపాను. ఊపనా మరి? నన్ను ఇరికించారుగా! నా గురించి రాసింది అబద్ధమని తేలితే మిగతాదంతా కట్టుకథేనని కొట్టేయిస్తానన్నాడు. నేను చెప్పాల్సింది ఒకే ముక్క: మా ఇంట్లో ఆ పిల్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

నా కొడుకు తలెత్తకుండా గోళ్లు కొరుక్కుంటున్నాడు. నాకున్నది వాడొక్కడే. కేసు నిలబడితే వాడు జైలుకెళ్తాడు.

మర్నాడు స్టేషన్లో నన్నొక్కదాన్నే లోపల కూచోబెట్టారు. అధికారి చిన్న వయసావిడ. హాజరు పుస్తకం నకలు చూసి, మీరు ఆ రోజు ఇంట్లో లేరని రాసుకుంటున్నానంది. ఇంకేమైనా చెప్పాలా అని అడిగింది. వకీలు నేర్పిన ముక్క పక్కన పెట్టేశాను.

"పోయిన నెల కోడలికి డ్రెస్సు కుడదామని కొలతలు తీశానమ్మా," అన్నాను. "టేపు జబ్బకి తగలగానే ఉలిక్కిపడింది. గుడ్డ పైకి లాగి చూస్తే నాలుగు వేళ్ల గుర్తులు, నల్లగా కమిలిపోయి ఉన్నాయి. చేతులు పొడుగ్గా పెట్టండి అత్తయ్యా అంది. ఎవరు చేశారని నేను అడగలేదు. ఇంట్లో ఉన్న మగాడు నా కొడుకొక్కడే, ఇంక అడిగేదేముంది? మణికట్టు దాకా పెట్టి కుట్టిచ్చాను."

ఆవిడ రాస్తుంటే నాకు సిగ్గేసింది. అయినా ఇంకో మాట కూడా రాయమన్నాను: నా మీద ఆ అబద్ధం రాయించినవాళ్లని నేను ఊరికే వదలను. అదీ రాసుకుంది. కింద సంతకం పెట్టాను.

బయట మరిదికి నా మొహం చూడగానే అర్థమైపోయింది. బుద్ధుందా వదినా, కన్నకొడుకునేనా అని నలుగురిలో కడిగేశాడు. మాటలు పడ్డాను. నా కొడుకు మాత్రం దగ్గరికొచ్చి, చిన్నప్పటిలా నా కొంగు పట్టుకున్నాడు.

"అది నీ మీద అబద్ధం చెప్పిందిగా అమ్మా?"

కొంగు విడిపించుకున్నాను.

"నా మీద చెప్పిందిరా. నీ మీద చెప్పలేదు."